పత్రికల యచ్చుప్రతులు, ఛాయాప్రతులు

కనగానపల్లి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మొదలగు తావులన్నియు 1800లో నిజాము కుంపిణీవారి కిచ్చిన భూభాగములోనివి. అందుచే నూఱేండ్లకుఁ బైగా మన నేలకు దత్తమండలమను పేరే నిలిచెను. అది తొలఁగి రాయలసీమ యను పేరెట్లు వచ్చెను? గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారే యీ నామకరణము చేసిరని చిరకాలము చెప్పుకొనుచుండిరి. 1928 నవంబరులో నంద్యాలయందు జరిగిన సభలో దీనిని బ్రతిపాదించినవారు చిలుకూరి నారాయణరావుగారని తేలుటకు ముఖ్యాధారము, పప్పూరు రామాచార్యులుగారు అనంతపురమునుండి 1926 మొదలు వెలువరించిన శ్రీసాధన పత్రికలో నాఁడు పడిన వార్త. ఒక వారపత్రిక ప్రతులు నిలిచియుండుటచేతఁ గదా యొక సీమ పేరునకుఁ గర్త దొరకెను!

ఇప్పుడు గ్రంథాలయములలో నొక ప్రశ్న పుట్టినది. పాతపత్రికలను స్కాను చేసి ఛాయాప్రతుల నంతర్జాలమునఁ బెట్టినపిమ్మట, బీరువాలు నిండిన యా కాగితముల నేల యుంచవలయును? ఇది త్రోసివేయఁదగిన ప్రశ్న కాదు. చోటు చాలదు, కొయ్యగుజ్జు కాగితము పసుపువన్నె వాఱి ముట్టినఁ బొడి యగుచున్నది. ఛాయాప్రతులవలని మేలు నేనును బొందితిని. 1924లోఁ బుట్టి 1991లో నిలిచిపోయిన భారతి సంచికలకై యొకప్పుడు పట్టణములకుఁ బోవలసివచ్చెడిది. నేఁడు కనగానపల్లిలో నరుఁగుమీఁదఁ గూర్చుండి ఫోనులోఁ జదువుచున్నాను.

అయినను వ్యాకరణము చదివినవాఁడ నగుటచేఁ బాణిని చెప్పిన యొక నియమము జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆదేశము స్థానివంటిదే, స్థానికిఁ గలుగు కార్యములు దానికిని గలుగును. కాని వర్ణము నాశ్రయించిన విధులయం దీ మాట చెల్లదు. అచ్చుప్రతి స్థాని, ఛాయాప్రతి యాదేశము. విషయము దెలియుటకు ఛాయ చాలును. అక్షరమే వివాదమైనచో? ఒకమాఱు పాతవ్యాస మొకదానిలో నొక పదమున సున్న యున్నదో లేదో చూడవలసివచ్చెను. తెరమీఁద గుండ్రని గుఱుతు గానవచ్చినది. అది యచ్చో, మరకయో, పురుగు తొలిచిన రంధ్రమో చెప్పఁజాలనైతిని. మఱియొకచోఁ గుట్టువైపు పంక్తుల చివరి యక్షరములు బొమ్మలోఁ బడనేలేదు.

ఇఁక నాదేశము స్థిరమా? భారత డిజిటల్ లైబ్రరీ యనుపేర లక్షలకొలఁది గ్రంథములకు ఛాయలు దీసిరి. అందుఁ బుటలు జాఱినవి, పేళ్లు తప్పుగా నెక్కినవి పెక్కు. 2017 నాఁటికి ఆ స్థలమే చదువరుల కందకపోయినది. ఇతరులు నకళ్లు దీసి ఇంటర్నెట్ ఆర్కైవులోఁ జేర్చుటచేతఁ జాలవఱకు దక్కినవి. సీమయందును నిట్టి దుడుకు జరిగినది. 1999లో బ్రిటిష్ లైబ్రరీవారు, మైక్రోఫిల్ము లున్నవి గదా యని, అమెరికా వార్తాపత్రికల సంపుటములను వదలించుకొనఁబూనఁగా నికల్సన్ బేకర్ అను రచయిత పూనుకొని పెక్కింటిని గొనెను. అవి 2004లో డ్యూక్ విశ్వవిద్యాలయము చేరినవి.

ప్రతి గ్రంథాలయమును బ్రతి సంచికను దాఁచవలయునని నే ననను. భారతివంటివి పలుచోట్లఁ గలవు. జిల్లాపత్రికల మాట వేఱు. వానిని దాఁచినవారు కొలఁదిమంది. అట్టివాని ప్రతులు పుట్టిన జిల్లాలో నొకటియు వెలుపల నొకటియు నుండవలయును. ఛాయాప్రతిని బుటపుటకు నచ్చుతో సరిచూచి, ముఖపత్రములు ప్రకటనలుగూడ దిగినవని తేల్చుకొనకుండ నే సంపుటమును దూకమున కమ్మరాదు.