పెద్దనాయినకి రోబో కొందామా?

పోయిన నెల డాలస్ నుంచి మా అన్నయ్య ఫోన్. "ఒరేయ్, నాన్నకి ఒక రోబో కొందాంరా. మాట్లాడుతుంది, మందులు గుర్తు చేస్తుంది. మనకీ కాస్త నిశ్చింత" అన్నాడు.

మా పెద్దనాయిన మేడ్చల్‌లో ఒక్కడే ఉంటున్నాడు. పెద్దమ్మ పోయి మూడేళ్లయింది. పక్కనే కొంపల్లిలో ఉండి కూడా నేను నెలకోసారి వెళ్తే గొప్ప. అందుకని, నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే అన్నయ్య కన్నా ముందు నాకే నిశ్చింతగా అనిపించింది. తర్వాత సిగ్గేసింది, అది వేరే సంగతి.

సరే, ఏదైనా కొనేముందు దాని పాత వెర్షన్లన్నీ చదవడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ల జబ్బు కదా. చదివాను.

కథ 1966లో మొదలెట్టొచ్చు. ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాం రాశాడు. మీరన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడుగుతుంది, అంతే. ఆ సంగతి తెలిసిన ఆయన సెక్రటరీయే దానితో మాట్లాడుతూ, కాస్త బయటికి వెళ్తారా అని ఆయన్ని అడిగిందట!

తర్వాత జపాన్. తకనోరి షిబాతా 1993లో మొదలుపెట్టి పారో అనే సీల్ పిల్ల రోబోని తయారుచేశాడు. కుక్కో పిల్లో అయితే అసలుదానితో పోల్చి వంకలు పెడతారు, సీల్‌ని ఎత్తుకున్నవాళ్లు ఎవరుంటారు? అదీ ఆయన లెక్క. 2009లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని వైద్య పరికరంగా ఒప్పుకుంది. జపాన్ వృద్ధాశ్రమాల్లో గమనించినదాంట్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. పారో చుట్టూ చేరిన ముసలివాళ్లు దానితోనే కాదు, ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవడం పెరిగింది.

ఇక రెండో వైపు చూడండి. సోనీ 1999లో ఐబో కుక్కని తెచ్చింది, 2006లో ఆపేసింది, 2014లో రిపేర్లు కూడా మానేసింది. 2015లో చిబా దగ్గర కోఫుకుజి గుడిలో ఆ కుక్కలకి అంత్యక్రియల పూజలు జరిగాయి. మనకి 'ఎండ్ ఆఫ్ సపోర్ట్' అంటే ఇన్‌బాక్స్‌లో ఒక మెయిల్. వాళ్లకి ఇంట్లో చావు. 2017లో ఇళ్లకి చేరిన జీబో అయితే, తన సర్వర్లు ఆగిపోబోతున్నాయని 2019లో తానే యజమానులకి చెప్పుకుంది. పెద్దనాయిన ముందు అలాంటి సీన్ ఊహించుకోండి.

అయినా ప్రయత్నాలు ఆగలేదు. 2022లో న్యూయార్క్ రాష్ట్రం ఒంటరి వృద్ధులకి ఎల్లీక్యూ రోబోలని 800కి పైగా ఇస్తామని ప్రకటించింది.

మొన్న ఆదివారం పెద్దనాయినని షామీర్‌పేట చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి, ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"మంచిగనే ఉంటది బిడ్డా. గని అది ఖరాబైతే ఎవల్ని పిలవాలె? మీ అన్ననా, నిన్నా?"

ప్రొడక్షన్ సపోర్ట్‌లో పదేళ్లు చేసినవాణ్ణి. నా దగ్గర జవాబు లేదు.

నేను రోబోలకి వ్యతిరేకిని కాను. మన తెలుగు అర్థం చేసుకుని, కంపెనీ మూతబడినా పనిచేసి, పక్కింటివాళ్లని కూడా గుమ్మంలోకి రప్పించేది దొరికితే కొందామనే అన్నయ్యకి చెప్పాను. దొరికేదాకా ఆదివారాలు నావి, రోజూ రాత్రి ఫోన్ వాడిది. ఇప్పటికి నాలుగు ఆదివారాల్లో మూడు వెళ్లాను.

మీ ఇంట్లో ఏం చేస్తున్నారో చెప్పండి.