పొయ్యి కింద పొదుపు

పొదుపు అనగానే మనకి పోపులడబ్బాలో దాచిన చిల్లర గుర్తొస్తుంది. కానీ, మన వంటింటి చరిత్రలో అసలు పొదుపు పోపులడబ్బాలో కాదు, పొయ్యి కింద జరిగిందంటాను నేను. రాజుగారికి ఏనుగులెన్నో గుర్రాలెన్నో రాసిపెట్టిన చరిత్రకారులు, ఆయనగారి అన్నం ఉడకడానికి ఎన్ని పుల్లలు పట్టాయో రాశారా? ఆ లెక్క తెలిసింది మన అమ్మమ్మలకే!

వాళ్ళ పద్ధతులు చూడండి. పెద్దపొయ్యికి ఆనుకుని పక్కనే కోడుపొయ్యి. అన్నం కింద మంట వృథాగా పోకుండా పక్కకి పాకి పప్పు ఉడికించేది. దాలిలో పెట్టిన పాలు పిడకల సెగకి గంటల తరబడి కాగి ఎర్రగా మీగడ కట్టేవి. వంటయ్యాక నిప్పులు ఆర్పి, ఆ బొగ్గులు కుంపటికి దాచేవారు. బూడిదేమో అంట్లు తోమడానికి! పట్నాల్లో కాపురాలు పెట్టినవాళ్ళు చవగ్గా దొరికే రంపపు పొట్టుని డబ్బాలో దిట్టంగా కూరి పొట్టుపొయ్యి వెలిగించారు.

ఇదంతా చాదస్తం కాదండీ, శాస్త్రమే. మామూలు గిన్నెలో నీళ్ళు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పెంచిన మంటంతా ఆవిరై పోతుంది. “ఎసరు మరిగింది, మంట తగ్గించి మూత పెట్టవే” అన్న కేకలో ఉన్నది ఈ సూత్రమే.

ఆ ఆవిరిని గిన్నెలోనే బంధిస్తే? డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లో లండన్‌లో బిగుతు మూత పాత్ర చేసి, గట్టి ఎముకల్ని కూడా మెత్తబరిచి చూపించాడు. మన దేశంలో 1910లో కలకత్తాకి చెందిన ఇందుమాధవ్ మల్లిక్ ఇక్మిక్ కుక్కర్ తయారుచేశాడు. అడుగున కాసిని బొగ్గులు, పైన అంతస్తులుగా గిన్నెలు; ఒకే సెగకి అన్నమూ పప్పూ కూరా ఉడికేవి. 1959 ప్రాంతంలో ఇక్కడే తయారైన ప్రెషర్ కుక్కర్లు వచ్చాయి. వాటిలో వేడి సుమారు 120 డిగ్రీల దాకా పోతుంది కనక కందిపప్పు ఇట్టే ఉడుకుతుంది.

ఇంతలో 1973లో అరబ్బులకీ ఇజ్రాయెల్‌కీ యుద్ధం వచ్చింది. కొద్దినెలల్లోనే చమురు ధర ఇంచుమించు నాలుగు రెట్లయింది. అంతదాకా ఇంటి సంగతిగా ఉన్న పొదుపు దేశం సంగతైంది. 1978లో ఇంధనం ఆదా నేర్పడానికి పెట్రోలియం కన్జర్వేషన్ రిసెర్చ్ అసోసియేషన్ అనే సంస్థే వెలిసింది. అది చెప్పిన సలహాలేమిటంటారా? పప్పు నానబెట్టండి, మూత పెట్టండి, మరిగాక మంట తగ్గించండి! అమ్మమ్మలు వింటే బుగ్గలు నొక్కుకుని ఉండేవారు.

అయితే ఒక్కమాట. అమ్మమ్మల పొదుపుని మెచ్చుకుంటూ వాళ్ళ కళ్ళని మర్చిపోకూడదు. పుల్లలు ఆదా అయ్యాయి సరే, ఊదుగొట్టంతో ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డాయి, పొగ ఊపిరితిత్తుల్లో చేరింది. ఆ ఖర్చు ఏ పద్దులోనూ పడలేదు. దాన్ని పట్టించుకున్నవాళ్ళలో ఒకరు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఇక్కడి ఇంజనీరింగ్ రిసెర్చ్ లాబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితోనే పొగగొట్టం ఉన్న పొయ్యి రూపొందించారు. ఒకే మంటకి ఒకటికి మించి గిన్నెలు పెట్టుకోవచ్చు, పొగ మాత్రం బయటికి పోతుంది. అంటే కోడుపొయ్యి తెలివికి పొగగొట్టం తోడైందన్నమాట. లక్షలాది మందికి పొగలేని వంటిళ్ళు అనే అర్థం వచ్చే పేరుతో 1953లో ఆయన పుస్తకం కూడా వేశారు. కానీ, చాలా ఇళ్ళల్లో పొగ పోవడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. మన రాష్ట్రంలో 1999లో పొదుపు సంఘాల మహిళలకి దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చాయి.

అందుకని నాకనిపించేదేమంటే, పొదుపుని కొలవడానికి రెండు పద్దులుండాలి. ఎంత మిగిలింది అన్నది ఒకటి, ఎవరి ఒంటిమీద మిగిలింది అన్నది రెండోది. పప్పు అరగంట ముందు నానేస్తే ఎవరి ఒళ్ళూ అరగదు, అది నికరమైన లాభం. గ్యాసు మిగల్చాలని ఇల్లాలు మళ్ళీ పొగలో కూచుంటే మాత్రం, దాన్ని ఖర్చులోనే రాయండి. ఇంకోసంగతి, సిలిండరు నాలుగురోజులు ఎక్కువొచ్చిన నెలలో ఆ మిగిలిన డబ్బు ఇంటిలెక్కల పుస్తకంలో మీ పేరునే జమ వేసుకోండి. వేసుకోవద్దని ఎవరంటారో చూద్దాం!