అచ్చు, లీటరు, అంగుళం: పుంగనూరు గోజాతి ఎంపికలో కొలమానాల చరిత్ర

పశుపోషణ చరిత్రను సాధారణంగా జాతుల చరిత్రగా రాస్తారు. ఏ ఆబోతును, ఏ ఆవును సంతానానికి ఎన్నుకోవాలన్న నిర్ణయం ఎటువంటి సమాచారం మీద ఆధారపడిందన్న ప్రశ్న అందులో మరుగున పడుతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన పుంగనూరు గోజాతి ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఉదాహరణ. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క కొలతే ఈ జాతి విలువను నిర్ణయించిందనీ, దాని క్షీణతలోనూ నేటి ప్రాచుర్యంలోనూ కనిపించే సమస్యకు ఆ ఏకమాన దృష్టే మూలమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సామెతలోని లెక్క

'తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను' అన్న సామెతలో ఎంపికకు సంబంధించిన రెండు సూత్రాలున్నాయి. మొదటిది వంశాన్ని చూడమంటుంది. రెండవది ఆ పశువు స్వయంగా ఇచ్చే ఫలితాన్ని చూడమంటుంది. బర్రెను ఎనుము అనే రాయలసీమలోనూ రైతు అనుసరించిన పద్ధతి ఇదే. ఎన్నో ఈత, ఎన్ని నెలల పాడి, ఎప్పుడు వట్టిపోతుంది, మళ్లీ ఎప్పుడు చూలు కడుతుంది అన్న ప్రశ్నలు సంతలో బేరానికి ముందే వచ్చేవి. ఈ సమాచారం రైతు జ్ఞాపకంలోనే ఉండేది. పశువు చేతులు మారితే అదీ చెదిరిపోయేది.

సామెత చెప్పనిది ఆబోతు సంగతి. దేవుని పేర అచ్చు వేసి ఊరికి వదిలిన కోడె ఊరి మందకంతటికీ తండ్రి అయ్యేది. 'అచ్చోసిన ఆంబోతు' అన్న నుడి నేడు నిందగా మిగిలినా, దాని వెనుక ఉన్నది ఒక సామాజిక వ్యవస్థ. అయితే ఆ అచ్చు పశువు ఎవరిదో చెప్పేదే గాని, దాని తల్లి ఎంత పాలిచ్చిందో చెప్పేది కాదు. అది గుర్తు మాత్రమే, నమోదు కాదు.

ఆబోతులో పాడిని చూడడం

పాలివ్వని ఆబోతులో పాడి గుణాన్ని అంచనా వేయాలంటే దాని కూతుళ్ల పాలను కొలవాలి. అందుకు ముందుగా పాల నమోదు ఉండాలి. ఇందుకోసం రైతులే ఏర్పరచుకున్న తొలి సంఘం 1895లో డెన్మార్క్‌లోని వేయెన్‌లో మొదలైంది. మన దేశంలో 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో తొలిసారిగా కృత్రిమ గర్భధారణ జరిగింది. ఒక ఆబోతుకు అనేక ఊళ్లలో సంతానం కలిగే అవకాశం ఏర్పడడంతో ఎంపికలోని మంచిచెడ్డల ప్రభావం కూడా అంతగా పెరిగింది.

కొలిచిన అంకె దానికదే నిర్ణయం కాదు. మేత, ఈత, రుతువు, యాజమాన్యం అన్నీ పాల దిగుబడిలో కలిసే ఉంటాయి. అందుకే 1950లలో బ్రిటన్‌లో రాబర్ట్‌సన్, రెండెల్ అనే శాస్త్రవేత్తలు ఒకే మందలో, ఒకే కాలంలో పాడికి వచ్చిన పశువులను పరస్పరం పోల్చే పద్ధతిని రూపొందించారు. ఈ పద్ధతులకు పెద్ద మందలు కావాలి. ఒంగోలు జాతి బ్రెజిల్‌లో 'నెలోర్'గా విస్తరించినప్పుడు అటువంటి మందలు, బరువుల నమోదు, వంశావళి పుస్తకాలు దానికి లభించాయి. పుంగనూరుకు ఆ అవకాశం లేదు. ఒక్కో ఆబోతుకు 50 మంది కూతుళ్ల చొప్పున పది ఆబోతులను పరీక్షించాలన్నా 500 పాడి ఆవులు నమోదులో ఉండాలి.

లీటరు ఏలిన కాలం

పాల సేకరణ విస్తరించిన దశాబ్దాలలో రోజుకు ఎన్ని లీటర్లన్నదే ప్రధాన ప్రశ్న అయింది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు చిత్తూరు పల్లెలలో స్థిరపడ్డాయి. రైతు ఆదాయాన్ని పెంచిన ఆ మార్పును తప్పుపట్టలేము. కాని ఆ కొలత ముందు పుంగనూరు ఆవు నిలువలేకపోయింది.

జాతి వివరణలలో పుంగనూరు ఆవు ఒక ఈతకు సగటున 546 కిలోల పాలిస్తుందని నమోదైంది. అల్పం 194, అధికం సుమారు 1,100 కిలోలు. ఈ సగటును 150 కిలోల దేహభారంతో పోల్చితే ఆవు తన బరువుకు మూడున్నర రెట్లకు మించి పాలిస్తున్నట్లు తేలుతుంది. పశువుకు ఎన్ని లీటర్లని అడిగితే ఓడిపోయే ఆవు, తిన్న మేతకు ఎన్ని లీటర్లని అడిగితే ఓడిపోకపోవచ్చు. అల్పాధికాల మధ్య ఐదు రెట్లకు మించిన అంతరం మరొక విషయం చెబుతుంది. అందులో మేత వంటి కారణాల వాటా పెద్దదే అయినా, వంశపారంపర్యమైన వాటా ఉన్నంత మేరకు ఎంపికకు చోటుంది. వెన్న శాతం 8 అని ప్రచారంలో ఉండగా, అవే వివరణలలో కనిపించే సగటు 5. ప్రచారానికీ నమోదుకూ మధ్య ఉన్న ఈ దూరమే పరిశోధకుని పనిచోటు.

అంగుళం ఏలుతున్న కాలం

నేడు లీటరు స్థానాన్ని అంగుళం ఆక్రమించింది. పొట్టిదనమే విలువగా పట్టణాలలో కొనుగోళ్లు సాగుతున్నాయి. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి నివాసంలోని పుంగనూరు ఆవుల చిత్రాలు దేశమంతటా ప్రచారమయ్యాయి. ఎత్తు కంటికి కనబడుతుంది, కొలవడానికి ఖర్చు లేదు. కాని పుట్టిన తేదీ, పెరిగిన తీరు నమోదులో లేనప్పుడు మేత చాలక కుంగిన దూడకూ, స్వభావసిద్ధంగా పొట్టిదైన దూడకూ తేడా తెలియదు. మిక్కిలి పొట్టి ఆబోతునే మళ్లీ మళ్లీ వాడితే దగ్గరి రక్తసంబంధపు సంతానం పెరిగి ఈతల మధ్య ఎడం, దూడల మనుగడ దెబ్బతినవచ్చు.

ఈ స్థితిలో పుంగనూరుకు చేరువలోని పలమనేరు పశు పరిశోధన స్థానం మందకు విశేష ప్రాధాన్యం ఉంది. 2005లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో ఈ స్థానం పనిచేస్తున్నది. చిన్న మందలో నమోదు చేయవలసిన మొదటి పని అత్యుత్తమ ఆబోతును కనుగొనడం కాదు. ఏ దూడకు ఏ తల్లి, ఏ తండ్రి అన్నది తప్పకుండా తెలిసేలా చేసి, ఆబోతులను మార్చుతూ వంశశాఖలను నిలపడం. తల్లి పాడి, ఈతల మధ్య కాలం, నిర్ణీత వయస్సులో ఎత్తు, బరువు ఆ వంశావళి పక్కన చేరినప్పుడే అంకెలు నిర్ణయానికి తోడ్పడతాయి.

ముగింపు

నేడు పశువు చెవికి తగిలించే బిళ్ల మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. దాని వెంట తల్లిదండ్రుల పేర్లు, పాల లెక్క, ఈతల తేదీలు చేరకపోతే అదీ పాత అచ్చు వంటిదే అవుతుంది. లీటరు ఒక్కటే చూసిన కాలం పుంగనూరును దాదాపు పోగొట్టుకుంది. అంగుళం ఒక్కటే చూసే కాలం పేరును మిగిల్చి జాతిని పోగొట్టుకోగలదు. 'తల్లిని చూసి, పాడిని చూసి' అని సామెత రెండింటినీ కలిపి చెప్పింది. ఆ రెండింటినీ వదలకుండా, తండ్రిని కూడా లెక్కలోకి తేవడమే నమోదు చేయవలసిన పని.