హోడెనోషోనీ పూసల సంచులు: సంప్రదాయం, విపణి

హోడెనోషోనీ అనేది ఉత్తర అమెరికాలోని మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా జాతుల సమాఖ్య. ‘పొడవాటి ఇంటి ప్రజలు’ అని ఆ పేరుకు అర్థం. నేటి న్యూయార్క్ రాష్ట్రం వీరి ప్రధాన నివాసభూమి. మొదటి ఐదు జాతులతో టస్కరోరాలు 18వ శతాబ్దం తొలి దశాబ్దాలలో దక్షిణం నుంచి వచ్చి కలిశారు. ఈ జాతుల స్త్రీలు 19వ శతాబ్దంలో కుట్టిన పూసల సంచులను సేకర్తలు చాలాకాలం యాత్రికుల జ్ఞాపికలుగానే పరిగణించారు. అమ్మకానికి తయారైన వస్తువు సంప్రదాయం కాజాలదన్న అభిప్రాయం ఇందుకు మూలం. సంచుల అలంకరణను, అవి వెలువడిన చారిత్రక సందర్భాన్ని కలిపి పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు.

గాజు పూసలు రాకముందే వీరికి అలంకరణ కళ ఉన్నది. ఏదుపంది ముళ్ళకు రంగులద్ది తోలుమీద కుట్టేవారు. సముద్రపు గవ్వల నుంచి చేసిన తెలుపు, ఊదా పూసలతో ఒప్పందాలకు గుర్తుగా పట్టీలు అల్లేవారు. ఐరోపా వర్తకుల ద్వారా గాజు పూసలు, ఉన్ని బట్ట, ముఖమల్ వచ్చాయి. పదార్థం మారినా రూపభావన ఒక్కసారిగా మారలేదు. 19వ శతాబ్దం తొలినాళ్ళ సంచులపై ఎదురెదురుగా ఒరిగిన జంట వంపులు, చుట్టలు తిరిగిన తీగలు, అర్ధవలయాలు కనిపిస్తాయి. సెనెకా వంశీయుడైన ఆర్థర్ పార్కర్ 1912లో ప్రచురించిన వ్యాసంలో ఇటువంటి ఆకృతులను ఆకాశగోపురంగా, దానిపై నిలిచిన దివ్యవృక్షంగా వ్యాఖ్యానించాడు. ఆకాశలోకం నుంచి జారిపడిన స్త్రీ తాబేటి వీపున ఏర్పడిన భూమిపై అడుగిడినదన్న వీరి సృష్టిగాథ ఈ వ్యాఖ్యకు ఆధారం. అయితే జంట వంపు ఈ ఒక్క సమాఖ్యకే పరిమితం కాదు. పొరుగు ఆల్గాంకియన్ జాతుల కళలో దాని వ్యాప్తిని ఫ్రాంక్ స్పెక్ 1914లో చర్చించాడు. కనుక ప్రతి వంపుకూ ఒకే అర్థాన్ని ఆపాదించడం సమంజసం కాదు.

శతాబ్ది మధ్యనాటికి సంచులపై పువ్వులు, ఆకులు ప్రధానమయ్యాయి. నయాగరా జలపాతానికి వచ్చే యాత్రికులు వీటిని కొనేవారు. వారి అభిరుచి ప్రభావం ఇక్కడ స్పష్టం. కానీ ఆ అమ్మకం వెనుక మరొక చరిత్ర ఉన్నది. 1838 నాటి బఫెలో క్రీక్ ఒప్పందం, దానిని సవరించిన 1842 ఒప్పందం సెనెకాలకు బఫెలో క్రీక్, టోనవాండా భూములను దక్కనీయలేదు. టోనవాండా సెనెకాలు 1857 ఒప్పందం ద్వారా తమ భూమిలో కొంత భాగాన్ని డబ్బు చెల్లించి తిరిగి కొనుక్కోవలసివచ్చింది. సాగు, వేట సన్నగిల్లిన ఇళ్ళకు పూసల పని నగదు ఆదాయమైంది. తల్లి వైపు నుంచి వంశాన్ని లెక్కించే సమాజంలో ఈ పని స్త్రీల చేతిలో ఉండడం గమనార్హం.

టోనవాండాకు చెందిన కరొలైన్ పార్కర్ ఉదాహరణ ఈ విషయాన్ని స్పష్టపరుస్తుంది. 1849 ప్రాంతపు ఛాయాచిత్రంలో ఆమె పూసల పనిచేసిన సెనెకా దుస్తులలో, చేతిలో పూసల సంచితో కనిపిస్తుంది. అంటే ఈ పని పరాయివారికి అమ్మే సరుకు మాత్రమే కాదు, తమ గౌరవవేషంలోనూ భాగం. న్యూయార్క్ రాష్ట్రం కోసం లూయిస్ హెన్రీ మోర్గన్ సేకరించిన వస్తువులలో ఆమె కుట్టినవీ ఉన్నాయి. ఆ సేకరణలో అధికభాగం 1911లో ఆల్బనీ శాసనభవన అగ్నిప్రమాదంలో దగ్ధమైంది. సంప్రదాయానికి నమూనాలుగా ఎంచి భద్రపరచినవి కాలిపోగా, జ్ఞాపికలని తక్కువగా చూసిన సంచులెన్నో యాత్రికుల ఇళ్ళలో మిగిలాయి. ఈ కళాచరిత్రకు నేడు అవి ముఖ్య సాక్ష్యాలు.

శతాబ్ది ఉత్తరార్ధంలో ఉబ్బెత్తు పూసకుట్టు ప్రాచుర్యం పొందింది. కుట్టు నిడివికంటే ఎక్కువ పూసలను దారానికి గుచ్చితే ఆ వరుస వంపు తిరిగి బట్టపై పైకి లేస్తుంది. ఇది కొనేవారి కోరికకు లొంగిన అనుకరణ కాదు, చేతివాటం నుంచి పుట్టిన సాంకేతిక పరిణామం.

విపణి ఈ కళను మార్చిన మాట నిజం. అదే విపణి భూమి పోయిన కాలంలో సూదిని, పూసను ఆ స్త్రీల చేతుల నుంచి జారిపోనీయలేదు. పెక్కు సంచులపై కుట్టినవారి పేరు లేదు. జ్ఞాపిక అన్న మాటతో వాటిని పక్కన పెడితే, ఆ స్త్రీలు మిగిల్చిన ఏకైక సంతకాన్నీ చెరిపివేసినట్లవుతుంది.