బిష్కెక్ యాత్రకు పాతదారి

కిర్గిజ్ దేశపు రాజధాని యైన బిష్కెక్ నగరమునకు తెలుగునాటి నుండి అనేకులు యువతీయువకులు వైద్యవిద్యకై పోవుచున్నారు. తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఒక ఇంట ఈ ప్రయాణపు మాట పుట్టినప్పుడు పెద్దలు మొదట అడుగునది ఇదియే: "ఆ ఊరు ఎక్కడ? అక్కడ మన కెవరున్నారు?" ప్రశ్న సహజమైనదే. కాని ఆ లోయకును మన కృష్ణాతీరమునకును పరిచయము నేటిది కాదు. దాదాపు 1,400 సంవత్సరముల క్రిందట ఈ రెండు తావులను కన్నులార చూచిన యాత్రికు డొకడు కలడు. అతడు చీనా భిక్షువు హుయాన్‌త్సాంగ్.

బిష్కెక్ అంత ప్రాచీన నగరము కాదు. 1825లో కోకండు పాలకులు అచ్చట పిష్పెక్ అను కోటను కట్టించిరి. 1926లో ఆ ఊరికి ఫ్రూంజె అని పేరు పెట్టిరి. 1991లో అది బిష్కెక్ అయ్యెను. అయితే దానికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరమున, అదే చూ నదీలోయలో, అక్‌బెషిమ్ అను శిథిలస్థలము కలదు. అదియే పూర్వపు సూయాబ్, పశ్చిమ తుర్కుల ఏలికల రాజధాని. 1953-54లో సోవియట్ పురాతత్త్వజ్ఞులు అచ్చట ఒక బౌద్ధాలయమును త్రవ్వి వెలికి తీసిరి. 2014లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చెను.

హుయాన్‌త్సాంగ్ 630 ప్రాంతమున సూయాబ్ చేరెను. అతని సన్నాహము గమనింపదగినది. దారిలో తుర్ఫాను ప్రాంతపు రాజు అతనికి 30 గుఱ్ఱములను, 25 మంది పరిచారకులను, ముఖమునకు కప్పుకొను ముసుగులను, చేతితొడుగులను, తోలు జోళ్లను ఇచ్చెను. ముందున్న 24 రాజ్యములకు 24 లేఖలు వ్రాసి ఇచ్చెను. తుర్కుల ప్రభువునకు వేరుగా 500 పట్టుతానులను కానుక పంపెను. ఇంత చేసినను, మంచుకొండలు దాటిన ఏడు దినములలో ఆకలిచేతను చలిచేతను పరివారములో పదింట ముగ్గురు నలుగురు మరణించిరని శిష్యుడు వ్రాసిన జీవితచరిత్ర చెప్పుచున్నది.

సూయాబ్‌లో నానాదేశముల వర్తకులు కలసి నివసించుచుండిరి. అచ్చటి ప్రభువు భిక్షువును ఆదరించి, భారతదేశము మిక్కిలి వేడియనియు, అచ్చటి చలికాలమే తమ వేసవిని పోలియుండుననియు చెప్పి, పోవలదని వారించెను. అతిథి వినలేదు. అంతట ప్రభువు చీనా భాష నేర్చిన యువకు నొకనిని వెదకించి, దుబాసిగా వెంట పంపెను.

సుమారు పదేండ్ల పిమ్మట ఆ భిక్షువే ఆంధ్రదేశమునకు వచ్చెను. తెనాలికి వాయవ్యమున, నేటి అమరావతి ప్రాంతమున నున్న ధాన్యకటకములో విహారములు పెక్కు పాడుపడి యుండుట చూచెను. అయినను అచ్చట సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులకడ కొన్ని నెలలు మహాసాంఘికుల అభిధర్మమును అభ్యసించెను. వారును అతనికడ మహాయాన శాస్త్రములు చదివిరి. తెనాలి-రేపల్లె రైలుమార్గములోని భట్టిప్రోలు పేరు అతని వ్రాతలలో కానరాదు. కాని 1892లో అచ్చటి స్తూపమున అలెగ్జాండర్ రీ కనుగొన్న ధాతుకరండములు, అతడు వచ్చుటకు ఎన్నో శతాబ్దములకు ముందే ఈ గడ్డపై బౌద్ధము నెలకొన్నదని తెలుపుచున్నవి.

అనగా నాడు ఆ దారిన వచ్చినవాడు మనకడ విద్యార్థి. నేడు ఆ లోయకు మన పిల్లలు విద్యార్థులై పోవుచున్నారు. దిక్కు మారినను సన్నాహములో మార్పు లేదు. ఢిల్లీ నుండి బిష్కెక్ ఆకాశమార్గమున సుమారు 1,600 కిలోమీటర్లు. తెనాలి నుండి ఢిల్లీకి రైలుదారి అంతకు తక్కువ కాదు. కనుక దూరమును చూచి జంకవలసిన పని లేదు. విచారింపవలసినవి వేరే కలవు.

నాటి లేఖల స్థానమున నేడు నిబంధనలు ఉన్నవి. 2021 నవంబరులో వెలువడిన జాతీయ వైద్య కమిషన్ నియమముల ప్రకారము విదేశమున చదువు కనీసము 54 నెలలు సాగవలెను. బోధన ఆంగ్లమున జరుగవలెను. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయవలెను. సొమ్ము కట్టకముందే ఈ మూడును కాగితముపై చూచుకొనవలెను. ఇక దుబాసి మాట: పాఠము ఆంగ్లమున చెప్పినను, మంచముపైని రోగి కిర్గిజ్ భాషలోనో రష్యన్ భాషలోనో తన బాధ చెప్పుకొనును. ఆ మాట తెలియనివాడు నాడి పట్టినను వ్యాధి పట్టలేడు. ఇంటనుండగనే రష్యన్ లిపి నేర్చుకొనుట మేలు. శీతకాలమునకు తగిన దుస్తులు చెప్పనక్కరలేదు.

చివరిది, అచ్చటి మనుష్యులు. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థులపై దాడులు జరిగినప్పుడు, విద్యార్థులు ఇల్లు కదలవలదని భారత రాయబార కార్యాలయము హెచ్చరించెను. అట్టివేళ ఆ కార్యాలయపు ఫోను నంబరు ఇక్కడి తల్లిదండ్రులకడను, అక్కడి బిడ్డకడను ఉండవలెను. ఆవకాయ జాడీ సర్దునాడే ఆ చీటియు వ్రాసి పెట్టెలో ఉంచవలెను. రాజులు ఆదరించిన భిక్షువునకే 24 లేఖలు అవసరమైనప్పుడు, పద్దెనిమిదేండ్ల బిడ్డను ఒట్టిచేతులతో పంపరాదు.