గడ్డకు మూలం నాళంలోని మంట

ఎండలు ముదిరేసరికి చండ్రుగొండ చుట్టుపక్కల అడవిలో తునికాకు కోత మొదలవుతుంది. పొద్దు పొడవకముందే బయల్దేరిన కోయ కుటుంబాలు ఆకు కోసి తెచ్చి, 50 ఆకులకో కట్ట చొప్పున కట్టి కల్లంలో అప్పగిస్తాయి. కోతకు దొరికే కూలి వేసవి నాలుగు రోజులూ ఇల్లు గడుపుతుంది. ఆ ఆకే బీడీగా మారి చేతికొచ్చినప్పుడు మాత్రం కాలి వేళ్లకు ముప్పు తెస్తుంది. రక్తనాళాల్లో వాపు, గడ్డ వల్ల వచ్చే ఆ ముప్పును వైద్యం అర్థం చేసుకున్న క్రమాన్ని తిరిగి చూడాలి.

నాళంలో నెత్తురు ఎందుకు గడ్డకడుతుందో తెలుసుకోవడానికి 1856లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పరిశోధనలు దారి చూపాయి. నాళం గోడ దెబ్బతినడం, పారుదల మందగించడం, నెత్తురు గుణం మారడం అనే మూడు కారణాలను నేటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటాం. రక్తనాళాల వాపు జబ్బుల్లో ఈ మూడూ ఒక్కచోట కలుస్తాయి. వాచిన గోడ లోపలి పొర చెడుతుంది, దారి ఇరుకవుతుంది, వాపు వల్ల నెత్తురు గడ్డకట్టే గుణం పెరుగుతుంది.

1879లో వియన్నాలో ఫెలిక్స్ వాన్ వినివార్టర్ కుళ్లిన కాలి నాళాలను పరీక్షించి, ఇలాంటి జబ్బును వర్ణించాడు. 1908లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో లియో బర్గర్, తీసేసిన 11 కాళ్లను కోసి చూశాడు. ధమనుల్లోనూ సిరల్లోనూ వాపూ గడ్డా కలిసే కనిపించాయి. నేడు దాన్ని బర్గర్ జబ్బు అంటున్నాం. ఎక్కువగా 45 ఏళ్లు దాటని పొగరాయుళ్లకే వస్తుంది. నడిస్తే పాదం, పిక్క పట్టేస్తాయి. తర్వాత వేలి మీద మానని పుండు పడుతుంది, వేలు నల్లబడుతుంది.

ఈ జాతి జబ్బులు ఇంకా ఉన్నాయి. 1937లో టర్కీ వైద్యుడు హులూసి బెహ్చెట్ వర్ణించిన జబ్బులో సిరల్లో గడ్డలు తరచుగా వస్తాయి. అప్పట్లో వెగెనర్ జబ్బుగా పిలిచిన వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు జబ్బు) మీద 2005లో వెలువడిన అధ్యయనంలో, వందమందిని ఏడాది పాటు గమనిస్తే సుమారు 7 గడ్డలు లెక్కకొచ్చాయి. మామూలు జనంలో ఇది ఏటా వెయ్యికి ఒకటి రెండు. జబ్బు చురుగ్గా ఉన్న రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ.

1916లో హెపారిన్‌ను కనుగొన్నారు, 1954లో వార్ఫరిన్ మనుషుల వాడకానికి వచ్చింది. అవి నెత్తురు గడ్డకట్టడాన్ని ఆపుతాయి కానీ గోడలోని మంటను చల్లార్చలేవు. అందుకే బెహ్చెట్ జబ్బులో కాలి సిర గడ్డకట్టినప్పుడు, వాపును అణిచే మందులే ముందు వాడాలని 2018 నాటి యూరప్ వైద్య మార్గదర్శకాలు చెప్పాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను కూడా కొన్ని వాస్కులైటిస్‌లకు వాడుతున్నారు.

బర్గర్ జబ్బుకు మాత్రం ఈ మందులేవీ దిక్కు కావు. పొగాకు పూర్తిగా మానడమే కాలు నిలిచే మార్గం. రోజుకు ఒకటో రెండో బీడీలు కాల్చినా, పొగాకు నమిలినా జబ్బు రగులుతూనే ఉంటుంది.

తునికాకు కోసుకుని బతకడం తప్పు కాదు, అది అడవి బిడ్డల హక్కు. కానీ ఈ పల్లెల్లో మానని వేలి పుండుతో వచ్చిన యువకుడికి కట్టు కట్టి పంపేయకూడదు. పాదం మీద నాడి చూడాలి, బీడీ గురించి అడగాలి, పరిస్థితి చేయి దాటకముందే పెద్దాసుపత్రికి పంపాలి. నూట డెబ్బై ఏళ్ల జ్ఞానం అడవి అంచున ఉన్న మనిషికి అందితేనే దానికి సార్థకత.