మూడు తరాల ఎక్కాలు

మా తాత లెక్కలు ఉర్దూలో చేసేవాడు. అంగడి నుంచి వచ్చి సంచి దించగానే, పెదాలు కదుపుతూ "దో దూనీ చార్" అని గొణుక్కుంటూ చిల్లర సరిచూసుకునేవాడు. మిగతా మాటలన్నీ అచ్చమైన నల్లగొండ తెలుగు. నిజాం కాలంలో బడికి వెళ్ళినవాడు కాబట్టి, అంకెలు మాత్రం ఆ బడి భాషలోనే ఉండిపోయాయి. మా నాన్నకి ఎక్కాలు తెలుగులో వచ్చు. నాకు ఇంగ్లీషులో. ఒకే ఇల్లు, మూడు భాషలు. చాలాకాలం దీన్ని తమాషాగానే చెప్పుకునేవాణ్ణి. ఉస్మానియా విశ్వవిద్యాలయం చరిత్ర చదివాక అంత తమాషాగా అనిపించలేదు.

ఇంగ్లీషు పెత్తనం గురించి మాటొస్తే మనం మెకాలే దగ్గర మొదలుపెడతాం. "అయినా మన భాషల్లో సైన్సు చెప్పడం కుదిరే పని కాదులే" అన్న దగ్గర ఆపేస్తాం. కానీ కుదిరింది. అదీ హైదరాబాదులోనే. 1917లో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చాడు. మరుసటి ఏడు ఉస్మానియా ఏర్పడింది. చదువంతా ఉర్దూలో. ఇంగ్లీషు కూడా తప్పనిసరే, కానీ ఒక సబ్జెక్టుగా మాత్రమే.

పుస్తకాలు ఊరికే పుట్టుకు రాలేదు. వాటికోసం 'దారుల్ తర్జుమా' అనే అనువాద శాఖ పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హక్ లాంటి పండితులు, జోష్ మలీహాబాదీ లాంటి కవులు అందులో జీతానికి పనిచేశారు. కొత్త శాస్త్ర పదాలు ఎక్కణ్ణుంచి తేవాలి, ఎలా అతకాలి అని వాదించుకున్నారు. వహీదుద్దీన్ సలీం 1921లో దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. గణితం, రసాయనశాస్త్రమే కాదు, వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలో చెప్పారు. ఒక భాషకి సైన్సు చెప్పే సత్తా పుట్టుకతో రాదు. డబ్బు పెట్టి, మనుషుల్ని కూర్చోబెట్టి, ఏళ్ళ తరబడి పనిచేయిస్తే వస్తుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్ళు. ఆ తర్వాత మరాఠీ, కన్నడ. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్ళు పదిమందిలో ఒకరు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మా తాత లాంటి పల్లెటూరి పిల్లవాడికి ఉర్దూ అయినా ఇంగ్లీషు అయినా బడికి పోయి నేర్చుకోవాల్సిన పరాయి భాషే.

1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది. కొద్దికాలానికే ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. ముప్పై ఏళ్ళ కష్టం బీరువాల్లోకి వెళ్ళిపోయింది. రాజుగారి భాష కాబట్టి రాజుతోనే పోయింది. దాన్ని కాపాడుకోవాలని పట్టుబట్టేంత మంది జనం దాని వెనక లేరు.

మరి జనం ఉన్న తెలుగు సంగతి? 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. ఇంటర్, డిగ్రీ పుస్తకాలు వచ్చాయి, మంచివే వచ్చాయి. కానీ ఉద్యోగం మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోయింది. ఉర్దూకి డబ్బూ అధికారమూ దొరికాయి, జనం దొరకలేదు. తెలుగుకి జనం ఉన్నారు, ఆ పట్టుదల దొరకలేదు. రెండు ఖాళీల్లోకీ వచ్చింది ఇంగ్లీషే.

2022 నుంచి తెలంగాణ సర్కారు బడులు కూడా ఇంగ్లీషు మీడియం బాట పట్టాయి. ఆ తల్లిదండ్రుల్ని నేనేమీ అనలేను. కోడు రాసుకుని బతికేవాణ్ణి. మా అమ్మాయి చదివేదీ ఇంగ్లీషు మీడియమే.

మొన్న తను "ముప్పై ఏడు అంటే ఎంత నాన్నా?" అని అడిగింది. "థర్టీ సెవెన్" అన్నాను. వెంటనే అర్థమైంది తనకి.